గోంగూర మోమోల పెళ్ళిచూపులు

చిలకలూరిపేటలో విత్తనాలు, పురుగుమందులు అమ్మే కొట్టు పై అంతస్తులో ఒక చిన్న ఏషియన్ ఫ్యూజన్ రెస్టారెంట్ ఉంది. నాలుగైదు బల్లలు, గోడలకు ఎర్ర కాగితం లాంతర్లు, కింది నుంచి సన్నగా పురుగుమందు వాసన. ఒక ఆదివారం మధ్యాహ్నం అక్కడికి భోజనానికి వెళ్ళాం. మేం ముగ్గురం ప్రత్తిపాడులో ఒకే బళ్ళో టీచర్లం. నేను తెలుగు చెబుతాను, ఒకామె లెక్కలు, ఇంకొకామె సైన్సు. సైన్సు టీచరు చర్చి నుంచి నేరుగా పట్టుచీరలో వస్తానంది. ఆమె పక్కన మేం తేలిపోకూడదని మేమూ పట్టుచీరలే కట్టాం. ఆ చీరలే కొంప ముంచాయి.

మెట్లెక్కగానే ఓనరు ఎదురొచ్చి, "మీ టేబుల్ ఇటండీ" అంటూ కిటికీ పక్కన పెద్ద బల్ల దగ్గరికి తీసుకెళ్ళాడు. అక్కడ అప్పటికే ఒక పెద్దాయన, ఆయన భార్య, పాతికేళ్ళ అమ్మాయి కూర్చుని ఉన్నారు. మమ్మల్ని చూసి ముగ్గురూ లేచి నిలబడ్డారు.

"రండి వదినగారూ, రండి" అంది పెద్దావిడ.

ఇలాంటి చోట్ల ముక్కూ మొహం తెలియని వాళ్ళు ఒకే బల్ల దగ్గర కూర్చుని తింటారని సైన్సు టీచరు ఫోనులో చూసిందట. "ఇక్కడ పద్ధతి ఇదేనే" అని నా చెవిలో ఊదింది. వరస కలిపి పిలవడం కూడా ఆ పద్ధతిలోదే కాబోలనుకుని కూర్చున్నాం.

ఏం తినాలో కూడా వాళ్ళే చెప్పేశారు. గోంగూర కూరిన మోమోలు, ములక్కాడలు వేసిన థాయ్ కూర, నాటుకోడి నూడుల్స్ వచ్చాయి. ఫోర్కు అడగడానికి మొహమాటపడి నేను, చెంచాకు బదులు వాళ్ళిచ్చిన రెండు చెక్క పుల్లలతో కుస్తీ పడుతున్నాను. పెద్దాయన మా లెక్కల టీచరు వైపు తిరిగాడు.

"అబ్బాయి రాలేదేం చెల్లెమ్మా?"

మా స్నేహితురాలికి తొమ్మిదో తరగతి చదివే కొడుకున్నాడు. వాడి సంగతి ఎవరు అడిగినా పొంగిపోతుంది. వీళ్ళకెలా తెలుసా అన్న అనుమానమే రాలేదు.

"వస్తానని గోల చేశాడండీ. పరీక్షలు ముందు పెట్టుకుని తిరుగుళ్ళేంటని నేనే కూర్చోబెట్టి వచ్చాను."

"ప్రమోషన్ పరీక్షలేమోలే" అని పెద్దాయన భార్యకు సర్దిచెప్పాడు. పుల్లల గొడవలో ఉండి నేను ఆ మాట పట్టించుకోలేదు.

"మంచి అలవాట్లేనా వదినగారూ?" అంది పెద్దావిడ.

"మనసు వెన్నండీ. బద్ధకమే ఎక్కువ. మొహాన నీళ్ళు కొడితే గానీ లేవడు. స్నానం చెయ్యమంటే ఏడుపు. ఇప్పటికీ అన్నం నేనే కలిపి నోట్లో పెట్టాలి."

పెద్దావిడ చేతిలోని మోమో జారి ప్లేట్లో పడింది. అమ్మాయి కర్చీఫు నోట్లో కుక్కుకుంది. ఏడుస్తోందేమోనని చూశాను, భుజాలు అదిరేలా నవ్వుతోంది.

"మరి బెంగుళూరులో ఎవరు కలిపి పెడుతున్నారమ్మా?" అన్నాడు పెద్దాయన, గొంతు తగ్గించి.

"బెంగుళూరేంటండీ? మావాడు వాకిలి దాటి ఎరగడు!"

అంతలో మెట్ల మీద గాజుల చప్పుడైంది. పట్టుచీరల్లో మరో ముగ్గురు ఆడవాళ్ళు, వాళ్ళ వెనక ఇస్త్రీ చొక్కాలో ఒక కుర్రాడు పైకొచ్చారు. ఓనరు వాళ్ళనీ మమ్మల్నీ మార్చి మార్చి చూశాడు. ఆ రోజు అక్కడ వాళ్ళమ్మాయికి పెళ్ళిచూపులట. "పట్టుచీరల్లో ముగ్గురు ఆడవాళ్ళు ముందు వస్తారు, వాళ్ళను మా దగ్గరికి పంపు" అని పెద్దాయన ఓనరుతో చెప్పాడట. పెళ్ళికొడుకు ఫొటో తప్ప అతని తాలూకు ఆడవాళ్ళను అమ్మాయి వాళ్ళెవరూ చూడలేదు.

మేం సిగ్గుతో లేవబోయాం. పెద్దాయన ఒప్పుకోలేదు. "ఎంగిలి చేతుల్తో ఎక్కడికమ్మా, కూర్చోండి!" అని గదమాయించి, ఇంకో బల్ల తెచ్చి కలిపించాడు.

"వీరెవరండీ?" అంది కుర్రాడి తల్లి.

"మా వాళ్ళే" అన్నాడాయన. ఆ వెంటనే కుర్రాడి వైపు వంగి, "బాబూ, అన్నం నువ్వే కలుపుకుంటావు గదా?" అని అడిగాడు.

"కలుపుకుంటానండీ" అన్నాడతను బెదిరిపోయి.

"హమ్మయ్య" అన్నాడు పెద్దాయన పైకే. ఇంకేమీ అడగలేదు. ఎదుటివాళ్ళు మాత్రం అమ్మాయి గురించి మమ్మల్ని అడగడం మొదలుపెట్టారు. సైన్సు టీచరు ఏమాత్రం తొణక్కుండా, "నవ్వు మొహమండీ, ఇంతవరకూ కోపంగా చూడలేదు" అంది. అది అబద్ధం కాదు. చూసి అరగంటే అయింది మరి.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో మేమిద్దరం పడీ పడీ నవ్వుతుంటే లెక్కల టీచరు కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఏమైందే అని కదిపాను.

"నవ్వండి, నవ్వండి. వాళ్ళ మొహాలు చూశారా? నా కొడుకు పేరెత్తగానే ఎలా మాడ్చుకున్నారో! వాడికేం తక్కువని?"

"ఒసేయ్, వాడింకా తొమ్మిదో తరగతే!"

"అయితే మాత్రం?" అంది.