నా అకౌంటులో ఆమె ఉత్తరం

జర్మనీలో, కైసర్స్‌లౌటర్న్‌లో చదువుకునే రోజుల్లో నా లాప్‌టాప్ కెమెరా మీద దెబ్బలకి వేసే ప్లాస్టర్ ముక్క ఒకటి అంటించి ఉండేది. అదేంటని అడిగినవాళ్ళకి ఉపన్యాసం ఉచితం. హాస్టల్ వంటగదిలో కూర మాడిపోతున్నా వదిలేదాన్ని కాదు. మన డేటా, మన హక్కు, ఎవడికో ఎందుకివ్వాలి అని గరిటె ఊపుతూ చెప్పేదాన్ని. తెలుగువాళ్ళు నన్ను చూస్తే తప్పుకుని పోయేవారు. నాకు అది కూడా గొప్పగానే ఉండేది.

నా థీసిస్ విషయం కూడా అదే. కంప్యూటర్ని నడిపే ఆపరేటింగ్ సిస్టమ్, మనం అడగకపోయినా, తనను తయారుచేసిన కంపెనీకి మన గురించి ఏమేం పంపుతుందో పట్టుకోవడం. కొత్త కంప్యూటర్ని టేబుల్ మీద ఊరికే ఉంచి, దానికీ ఇంటర్నెట్‌కీ మధ్య ఇంకో చిన్న పెట్టె పెట్టి, బయటికి పోయేవన్నీ రాసుకునేదాన్ని. ఎవరూ ముట్టుకోకపోయినా సరే, కొత్త కోడలు పుట్టింటికి ఫోన్ చేసినట్టు అది గంటగంటకీ కబుర్లు పంపేది.

కరోనా వచ్చిన మొదటి చలికాలంలో మా పై అంతస్తులోకి కరీంనగర్ అమ్మాయి ఒకతి దిగింది. నాకు జూనియర్. పది రోజులు గదిలోంచి కదలకూడదు. తెచ్చుకున్న లాప్‌టాప్ దారిలోనే చచ్చిపోయింది. మర్నాటి నుంచి ఆన్‌లైన్ క్లాసులు. నా పాత లాప్‌టాప్ ఇస్తానన్నాను. మాస్కు వేసుకుని, ఆమె తలుపు బయట కారిడార్‌లో నేలమీద కూర్చుని, దాన్ని ఒళ్ళో పెట్టుకుని మొదటినుంచీ తుడిచి సిద్ధం చేశాను. చివర్లో అకౌంట్ దగ్గర ఆగిపోయింది. ఓటీపీ రావాలి. ఆమె ఇండియా సిమ్ ఇక్కడ పలకడం లేదు. ఇక్కడి సిమ్ కొందామంటే షాపులు మూసేశారు. ఆన్‌లైన్లో కొంటే వీడియోలో పాస్‌పోర్ట్ చూపించాలి, మూడుసార్లు చూపించినా వాళ్ళు ఒప్పుకోలేదట.

“ప్రస్తుతానికి నా అకౌంటుతో తెరిచేస్తాను. తర్వాత మార్చుకుందువులే” అన్నాను.

“నువ్వెట్లంటె అట్లనే అక్కా” అంది తలుపు అవతలినుంచి.

ఒక సినిమా అకౌంటుని మేనత్త కూతురి తోడికోడలి దాకా వాడుకునే జాతి మనది. అకౌంటంటే మనకి నీళ్ళ బిందె దగ్గర చెంబు. ఎవరికి దాహమైతే వాళ్ళు ముంచుకోవచ్చు. కాబట్టి నాకు అందులో తప్పేమీ కనపడలేదు. ఆ తర్వాత స్క్రీన్ వరసగా ప్రశ్నలు వేసింది. ఇది పంపనా, అది దాచనా అని. నా సొంత లాప్‌టాప్‌లో అన్నిటికీ వద్దని పెట్టుకున్నదాన్ని, చలికి వేళ్ళు కొంకర్లు పోతుంటే ఆమెకి మాత్రం అన్నిటికీ ‘సరే’ నొక్కి, లాప్‌టాప్ గుమ్మం ముందు పెట్టి వచ్చేశాను.

ఏడాది గడిచింది. ఆమెకి సిమ్ వచ్చింది, నేను అకౌంట్ సంగతి మర్చిపోయాను. ఆమె రోజూ కిందికొచ్చి టీ తాగి వెళ్ళేది. చదువెలా ఉందంటే “మంచిగనే ఉంది అక్కా” అనేది.

మీ దగ్గర నా గురించి ఉన్నదంతా నాకివ్వండి అని ఏ కంపెనీనైనా అడిగే హక్కు ఇక్కడి చట్టం ఇచ్చింది. థీసిస్‌లో ఒక అధ్యాయానికి పనికొస్తుందని ఆ ఆపరేటింగ్ సిస్టమ్ చేసినవాళ్ళని అడిగాను. కొన్నాళ్ళకి పెద్ద ఫోల్డర్ పంపారు. తెరిస్తే అందులో సగం నాది కాదు, ఇంకా నా అకౌంటుతోనే నడుస్తున్న ఆమె లాప్‌టాప్‌ది. ఏ రోజు ఏ పేజీ చూసిందీ, ఏ ఫైల్ ఎన్నిసార్లు తెరిచిందీ, ఏం వెతికిందీ, అన్నీ వరసగా ఉన్నాయి. ‘మూడోసారి ఫెయిలైతే వీసా’ అని ఒకటి. అదే ప్రశ్న మాటలు మార్చి పదిసార్లు.

ఇక్కడ ఒక పరీక్ష మూడుసార్లే రాయనిస్తారు. మూడోసారీ తప్పితే కోర్సు నుంచి తీసేస్తారు. ఆమె ఒక పరీక్ష రెండుసార్లు తప్పింది. మూడోది ఆరు వారాల్లో ఉంది.

అంతవరకూ చూడటం నా తప్పు కాదని ఇప్పటికీ అనుకుంటాను. ఆ తర్వాతది తప్పే. ఆమె దాచుకున్న ఫైళ్ళు కూడా కంపెనీ కంప్యూటర్లలోకి పోతున్నాయని, నా అకౌంటులోకి వెళితే అవన్నీ తెరుచుకుంటాయని నాకంటే బాగా తెలిసినవాళ్ళు ఆ హాస్టల్లో ఎవరూ లేరు. వెళ్ళాను. వాళ్ళ నాన్నకి రాసి పంపని ఉత్తరం ఒకటి ఉంది, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. నాన్నా, రెండుసార్లు తప్పిన, మూడోసారి తప్పితే ఇక్కడ ఉంచరు అని మొదలుపెట్టింది. మధ్యలో ఇలా ఉంది: ‘కింద అక్కకు సుత చెప్పలే. అందరికంటె అక్కకు తెలిస్తెనే నాకు నామోషి.’

అక్కడ ఆగి మూసేయాల్సింది. చివరిదాకా చదివాను. మర్నాడు ఇంకేమైనా కలిపిందేమోనని మళ్ళీ తెరిచాను. ఆ మర్నాడు కూడా.

కొత్త అకౌంట్ చేసిపెట్టడానికి ఇరవై నిమిషాలు పట్టేది. ఆ పని చేయలేదు. ఆమె మంచికోసమేగా అనుకున్నాను. నిజానికి ఆమె మంచి కూడా చూశాను, అదే ఇంకా సిగ్గుచేటు. “నాకూ రివిజన్ అవుతుంది, సాయంత్రాలు కలిసి చదువుకుందాం” అని పిలిచాను. ముందురోజు ఆమె ఏ లెక్క దగ్గర చిక్కుకుపోయిందో పొద్దున అకౌంటులో చూసుకుని, సాయంత్రం సరిగ్గా అదే ఎత్తుకునేదాన్ని. ఆమె ఆశ్చర్యంగా నా వైపు చూసేది. ఆ చూపు నాకు బాగుండేది.

మీకు మరింత మెరుగ్గా సాయపడటానికే మీ వివరాలు తీసుకుంటున్నాం అని కంపెనీలు రాసుకుంటాయని రెండో అధ్యాయంలో వెక్కిరించాను. ఆ ఆరు వారాల్లో ఆ అధ్యాయం ఎన్నిసార్లు దిద్దానో. గురివింద గింజకి తన నలుపు తెలీదంటారు. నాకు తెలుసు. తెలిసే ఎరుపు వైపు పైకి తిప్పుకుని కూర్చున్నాను.

ఆమె పాసైంది. అత్తెసరు మార్కులే, అయినా పాసే. స్టీలు డబ్బాలో రవ్వ కేసరి చేసి తెచ్చింది. తప్పిన సంగతంతా అప్పుడు తనే చెప్పింది, నేను మొదటిసారి వింటున్నట్టు విన్నాను.

“నేను నోరు తెరవకముందే నీకెట్ల తెలిసింది అక్కా?”

“ముఖం చూస్తే తెలీదా” అన్నాను.

ఆ మాటే వాళ్ళమ్మకి వీడియోలో చెప్పి, ఫోన్ నా వైపు తిప్పింది. “మా బిడ్డ ముఖం చూసి కనిపెట్టినవట. కన్నతల్లినైన నాకే తెల్వకపాయె” అందావిడ, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ. నేను డబ్బా మూత పెట్టడానికి తంటాలు పడుతున్నట్టు తల వంచుకున్నాను.

రెండు వారాలు భరించాను. ప్రతిరోజూ ఆ తల్లి ముఖమే గుర్తొచ్చేది. ఒకరోజు ఆ అమ్మాయి టీకి వచ్చినప్పుడు చెప్పేశాను. అకౌంటు, ఫోల్డర్, పొద్దున చూసి సాయంత్రం చెప్పిన లెక్కలు, అన్నీ. ఆమె కప్పు కింద పెట్టి విన్నది.

“నాన్నకు రాసింది చదివినవా?”

“చదివాను.”

“మొత్తమా?”

“మొత్తం.”

అప్పుడైనా ఊరుకోవాల్సింది. నా నోరు ఊరుకోలేదు. “ఎలాగూ అవన్నీ ఆ కంపెనీ దగ్గర ఉన్నవే కదే” అన్నాను.

ఆమె అరవలేదు, ఏడవలేదు. “కంపెనీకి నేనెవరో తెల్వది అక్కా. నీకు తెలుసు” అంది.

అంత పెద్ద థీసిస్‌లో ఆ మాట ఎక్కడా లేదు.

లేచి పైకెళ్ళింది. ఇక రాదనుకున్నాను. పావుగంటకి లాప్‌టాప్ పట్టుకుని దిగి, నా టేబుల్ మీద పెట్టింది. కొత్త అకౌంట్ ఎట్ల చేయాలో చెప్పమంది. నేను చేయి చాపితే లాప్‌టాప్ తన వైపు జరుపుకుంది. “చెప్పు చాలు, నేను నొక్కుకుంట.”

చెప్పాను. ఒక్కొక్క ప్రశ్నా పైకి చదివి, అర్థం అడిగి, వద్దు, వద్దు అని నొక్కుకుంటూ పోయింది. పాస్‌వర్డ్ దగ్గరికి వచ్చేసరికి ఆమె వేళ్ళు ఆగిపోయాయి. నా వైపు చూడలేదు. నేనే లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి, వీపు తిప్పి నిలబడ్డాను. మీటల చప్పుడు వినిపించింది. అది ఆగిపోయాక కూడా, ఆమె లాప్‌టాప్ మూసి తలుపు వేసుకుని వెళ్ళేదాకా, నేను తిరిగి చూడలేదు.