కాలు తగిలితే

నన్ను కొట్టినవాళ్ళ మీద నాకెప్పుడూ పెద్దగా కోపం రాలేదు. వచ్చిందంతా నా కుడిచేతి మీదే. బాక్సింగ్ మొదలుపెట్టిన ఆ నాలుగైదు నెలలూ అది చేసిన పనికి దాన్ని విరిచి పొయ్యిలో పెట్టాలన్నంత విసుగొచ్చింది.

ఆదోనిలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్తాను. నాకు కోపమెక్కువని ఇంట్లోనూ స్టాఫ్ రూములోనూ అందరికీ తెలుసు. ఆ కోపానికి ఏదో ఒక పని చూపిద్దామని ఇరవై ఆరో ఏట, వేసవి సెలవుల్లో, బాక్సింగులో చేరాను. మా షెడ్డు ఒకప్పుడు పత్తి గోడౌను. ఇప్పటికీ సంచిని గట్టిగా గుద్దితే పైనుంచి దూది పీచు రాలి ముక్కులో దూరుతుంది. బరువు చూసుకోవడానికి బస్తాలు తూచిన పాత కాటాయే గతి. దాని మీద నేను నలభై తొమ్మిది కిలోలు. నాకు జోడీగా దొరికిన అన్న ఎనభై రెండు.

నా బరువున్న ఆడపిల్ల మా షెడ్డులో ఒక్కతీ లేదు. ఉన్నది ఈ అన్న. జిన్నింగ్ మిల్లులో పత్తి బేళ్ళెత్తే మనిషి, ఆరేళ్ళుగా బాక్సింగ్ చేస్తున్నాడు. ఆయన చెయ్యి చాపితే నా నుదుటికి తగులుతుంది, నేను చెయ్యి చాపితే ఆయన ముందున్న గాలికి తగులుతుంది. మాకు నేర్పే ఆయన రిటైరైన డ్రిల్లు మాస్టరు. ఆయన దగ్గర దీనికి ఒకటే మందు.

"సేతులు పొడుగున్నోళ్ళతో ఎడంగా నిల్సుకుంటే ఊరికే దెబ్బలు తింటావు మ్మా. లోపలికి దూరు. కడుపు కాడికి దూరి కొట్టు."

దూరాను. దూరితే ఏమవుతుంది? కాళ్ళకు కాళ్ళు తగులుతాయి. అక్కడే వచ్చింది తంటా అంతా.

మా తాతలది మంత్రాలయం దగ్గర గుడి కొలువు. నాన్న బడిపంతులుగా చేసి రిటైరయ్యాడు. మా ఇంట్లో కాలు పుస్తకానికి తగిలినా, చేటకు తగిలినా, మనిషికి తగిలినా వెంటనే చేత్తో తాకి కళ్ళకద్దుకోవాలి. నాకు మాటలు రాకముందే నాన్న నా చెయ్యి పట్టుకుని నేర్పించాడట. కాబట్టి మొదటిరోజు అన్న పాదం తొక్కగానే నేను ఆలోచించలేదు. వంగి, గ్లౌజుతోనే ఆయన మోకాలు తాకి, ఆ గ్లౌజును హెడ్‌గార్డుకు అద్దుకున్నాను.

అన్న అదిరిపడ్డాడు. "అయ్యయ్యో, వద్దమ్మా!" అంటూ నన్ను లేపడానికి తనూ వంగాడు. ఇద్దరి తలలూ ఠంగున కొట్టుకున్నాయి. రెండో నిమిషంలో మళ్ళీ అదే. ఈసారి నేను వంగక ముందే ఆయన వంగాడు. మాస్టరు విజిల్ నోట్లోంచి ఊడి పడింది.

"ఇది బాక్సింగా, పెండ్లిలో దీవెనలా? ఏమప్పా, ఆయమ్మ వంగితే నువ్వెందుకు వంగుతాండావు?"

"నాకు సిగ్గయితాంది సార్, ఆడపిల్ల కాళ్ళకు మొక్కితే!"

"కొట్టప్పా! వంగినప్పుడు కొడితే ఇంగోసారి వంగదు."

ఆయన కొట్టలేదు. వారం రోజులు ఇద్దరం వంగుతూ లేస్తూ అందరికీ వినోదం పంచాం. మాస్టరు నెత్తీ నోరూ కొట్టుకుని, ఇక లాభం లేదని నన్ను ఆదివారాలు ఎమ్మిగనూరుకు తోలాడు.

ఎమ్మిగనూరులో ఒక అక్క ఉంది. పగలు చీరల కొట్టులో కూర్చుంటుంది. పదేళ్ళ కిందట కాలేజీ తరఫున చాలా చోట్ల ఆడి గెలిచిన మనిషి. అరవై ఎనిమిది కిలోలు. కొట్టులో చీర మడత విప్పి చూపించేటప్పుడు ఎంత మెత్తగా మాట్లాడుతుందో, గ్లౌజులు తొడిగాక అంత కఠినం. మొదటి ఆదివారం లోపలికి దూరాను, ఆమె కాలి వేళ్ళు తొక్కాను, నా కుడిచెయ్యి కిందికి పోయింది. ఆ చెయ్యి ఉండాల్సిన చోట, అంటే నా మొహం మీద, ఆమె ఎడమచెయ్యి వచ్చి దిగింది. ముక్కులోంచి రక్తం కారింది.

"నువ్వు మొక్కుకుంటాంటే నేను గమ్మున నిలబడి సూడాల్నా?" అందామె, దూది నా చేతికిస్తూ. "రింగులో కాలు కాలే కాదు. నేలనుకో."

అనుకున్నాను. ఏడు ఆదివారాలు అనుకున్నాను. ఏడుసార్లూ చెయ్యి నా మాట వినలేదు. నేను తరగతిలో ముప్పై మందిని ఒక్క చూపుతో కూర్చోబెడతాను, నా సొంత చెయ్యి మాత్రం నన్ను లెక్కచెయ్యదు! మాస్టరు గ్లౌజుకూ చెంపకూ మధ్య జేబురుమాలు పెట్టించాడు, అది కింద పడకూడదని. పడేది. అన్న మర్యాదగా తీసిచ్చేవాడు. ఆ మర్యాదకు నాకు ఇంకా ఒళ్ళు మండేది.

ఇంతలో ఎమ్మిగనూరులో కొత్తగా నేర్చుకున్నవాళ్ళకు పోటీలన్నారు. నా బరువులో మా షెడ్డు నుంచి ఒక్కరికే చోటు, ఆ బరువున్నది నేనొక్కదాన్నే. మాస్టరు కాగితం చూపించాడు గానీ నా పేరు రాయలేదు.

"ఎమ్మిగనూరు అక్కతో మూడు రౌండ్లు ఆడు. ఒక్కసారి సెయ్యి కిందికి పోయినా పేరు రాసేది లేదు. నీ ముక్కు పోతే మీ నాయనకు నేను జవాబు సెప్పల్ల."

నాకు అంతవరకు దేనికీ పేరు రాయించుకోవాలని అనిపించలేదు. పాటల పోటీకి, టీచర్ల ఆటలకు, దేనికీ. దీనికి అనిపించింది. ఎంతగా అంటే ఆ కాగితం మీద ఖాళీ గీత నాకు బోర్డు మీద లెక్క రాస్తున్నప్పుడు కూడా కనపడేది.

"రింగులో ఒక్కచోటే మానుకుంటానంటే మానదు," అన్నాడు మాస్టరు. "బయట గూడా మానుకో. బస్సులో, బడిలో, యాడ తగిలినా ముట్టుకోవద్దు. నెల దినాలు."

సరేనన్నాను. ఆ నెల నేను పడిన తిట్లు అన్నీ ఇన్నీ కావు. ఎమ్మిగనూరు బస్సులో టమాటా గంపతో కూర్చున్న అవ్వ పాదం తొక్కి, పిడికిలి బిగించి అలాగే నిలబడ్డాను.

"కాలు తొక్కి గుంజ మాదిరి నిలబడింది సూడు! సదువుకున్నట్లుంది మళ్ళా!" అంది అవ్వ, బస్సంతా వినేటట్టు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. బాక్సింగ్ కోసమవ్వా అని చెప్తే ఆమె నమ్ముతుందా? కాలు తగిలినా ముట్టుకోలేదని స్టాఫ్ రూములో ఒకావిడ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నేనూ బతిమాలలేదు, అంత ఓపిక ఎవరికుంది.

మూడు రౌండ్ల రోజు వచ్చింది. మాస్టరు ఆదోని నుంచి నాతో పాటే బస్సెక్కి వచ్చాడు, కాగితం చొక్కా జేబులో పెట్టుకుని. మొదటి రౌండంతా తప్పించుకోవడమే. రెండో రౌండులో అక్క నా పొట్టలో ఒకటి ఇచ్చింది, పొద్దున తిన్న ఉగ్గాని గొంతు దాకా వచ్చింది. మూడో రౌండులో ఇక ఏదైతే అదయిందని తల దించి లోపలికి దూరాను. నా పాదం ఆమె పాదం మీద పడింది. మామూలుగా కాదు, మడమతో తొక్కాను. ఆమె "స్" అంది కూడా.

చెయ్యి కిందికి పోలేదు. చెంప దగ్గరి నుంచే ముందుకు పోయి ఆమె దవడకు తగిలింది. ఇన్ని ఆదివారాల్లో ఆమెకు తగిలిన నా మొదటి దెబ్బ అది.

అక్క ఒక అడుగు వెనక్కి వేసి నవ్వింది. "ఇప్పుడొచ్చినావు నువ్వు," అంది. మాస్టరు అక్కడే, నా కళ్ళ ముందే, కాగితం మోకాలి మీద పెట్టుకుని నా పేరు రాశాడు. నాకు ఏడుపొచ్చింది. హెడ్‌గార్డు తీసే నెపంతో తుడుచుకున్నాను.

మధ్యాహ్నానికి ఇల్లు చేరాను. పెదవి వాచి ఉంది, ఆకలి దంచేస్తోంది, కానీ లోపల ఒకటే సంతోషం. నాన్న నడవలో చాప మీద కూర్చుని అనపకాయలు ఒలుస్తున్నాడు. ఇరుకు నడవ. సంచి భుజానికి వేసుకుని దాటుతుంటే నా పాదం ఆయన మోకాలికి గట్టిగానే తగిలింది. "నాన్నా, పేరు రాశారు!" అంటూ వంటింటి దాకా వెళ్ళిపోయాను.

గింజలు పళ్ళెంలో పడే చప్పుడు ఆగిపోయింది. వెనక్కి తిరిగి చూశాను. నాన్న తల వంచుకుని తన మోకాలి వైపు చూసుకుంటున్నాడు. ఆయన ఏమైనా అని ఉంటే బాగుండేది, ఎదురు చెప్పేదాన్ని. నెల రోజులుగా కాలు తగిలినా ముట్టుకోకుండా ఉంటున్న సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదని అప్పుడు గుర్తొచ్చింది.

నా మీద నాకే చిర్రెత్తుకొచ్చింది. గబగబా వెనక్కి వచ్చి వంగి ఆయన మోకాలు తాకాను. కళ్ళకద్దుకోవడానికి చెయ్యి పైకి తెచ్చాను. అది కళ్ళ దాకా పోలేదు. పిడికిలి బిగుసుకుని చెంప దగ్గర ఆగిపోయింది. దాంతో పాటే రెండో చెయ్యి కూడా లేచి రెండో చెంప దగ్గర నిలబడింది.

"ఏమే, నాకూనా?" అన్నాడు నాన్న. నవ్వుతూనే అన్నాడు. కానీ ఆ మాట అనే ముందు ఆయన తల చటుక్కున వెనక్కి తీసుకోవడం నేను చూశాను.