మూడు మపాచేలు

మా ఊళ్లో మపాచేలు రెండు రకాలు. ఒకటి కళ్లకు నల్లగుడ్డ కట్టినట్టుండే జంతువు, తోక నిండా చారలు. వాగులో రాళ్ల సందున చేతులు పెట్టి ఎండ్రకాయల్ని తడిమి పట్టుకుంటుంది. తలుపు గడియ కూడా తీస్తుంది. చేతులతో అన్నీ పట్టుకునేది అని మా పాత భాషలో దాని పేరుకు అర్థం. రెండో రకం, ఎన్నికలప్పుడు ఓట్లపెట్టె ఎత్తుకుపోయే మనిషి. ఆ పేరు వాడికి ఊరికే రాలేదు.

దొమితిలాకు మొదటి రకంతోనే పేచీ. కాపురానికొస్తూ పుట్టింటి నుంచి గుప్పెడు ఎర్ర మొక్కజొన్న తెచ్చుకుంది. చనిపోయినవాళ్ల పండక్కి తల్లి పేరిట ఆకుల్లో చుట్టి ఉడికించే తమాలెలు ఆ పిండితోనే పెట్టేది. విత్తనం అడిగితే, మీ తెల్ల మొక్కజొన్న పక్కన వేస్తే జాతి చెడుతుందనేది. మొండిఘటం. నిరుడు దాచిన విత్తనానికి పురుగు పడితే, మిగిలిన గుప్పెడూ కొండవాలున వేసింది.

గింజ పాలుపోసుకునే వేళకు మపాచేలు దిగుతాయి. ఏటా వంతులేసుకుని కాపలా కాసేవాళ్లం. ఈసారి ఆ వారమే ఎన్నికలు, మగవాళ్లంతా బడిలో పెట్టె చుట్టూ ఉన్నారు. దొమితిలా ఇద్దర్ని కాపలాకు పంపమంటే ఊరిపెద్ద క్రిసోఫొరో ఈ ఒక్కపూట ఓర్చుకోమన్నాడు.

పొద్దు వాలుతుండగా ఆవిడ రొప్పుతూ బడి గుమ్మంలోకొచ్చింది.

"మపాచేలు," అంది.

అంతే, అందరం కర్రలందుకున్నాం. ఒకడు ఏకంగా పెట్టె మీదెక్కి కూర్చున్నాడు.

"ఎంతమంది వదినా?" అన్నాడు క్రిసోఫొరో.

"మూడు. తల్లీ, రెండు పిల్లలూ."

పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. గుండె ఆగినంత పని చేశావు కదా వదినా అని క్రిసోఫొరో కళ్లు తుడుచుకున్నాడు. కర్రలు చేతుల్లోనే ఉన్నాయి. ఒక్కరం కదల్లేదు. ఆవిడ ఒక్కతే చేనుకు తిరిగి వెళ్లిపోయింది.

మపాచేకు తినడం కన్నా పాడుచేయడం ఎక్కువ. ప్రతి పొత్తూ ఒలిచి, నాలుగు కొరుకులు కొరికి పారేశాయి. పాలగింజ విత్తనానికి పనికిరాదు.

మర్నాడు క్రిసోఫొరో, పెట్టె భద్రంగా పట్నం చేరిందని చెప్పడానికి ఆవిడ ఇంటికెళ్లాడు. ఆవిడ ఎంగిలి మేరకు కోసేసి, మిగిలిన పొత్తులు ఉడకబెడుతోంది. ఒకటి తీసి అతని చేతిలో పెట్టింది.

"తిను మరిదీ. ఎర్రది కావాలని ఏటా అడిగేవాడివిగా. ఇంక లేదు."

తిన్నాడట. ఎలా ఉందో మాత్రం మాలో ఎవరికీ చెప్పలేదు.