ట్రైలరు ట్యాంకులో అత్త పోసిన నీళ్లు

మా ఆయన సర్వే ఆఫీసులో డ్రైవరు. ఆఫీసరు బస చేసే ట్రైలరును ఈ మధ్యాహ్నం జీపుకు కట్టి శృంగవరపుకోట నుంచి కొండలపైకి తీసుకెళ్లాల్సి వచ్చింది. అక్కడ ఈ పుష్యమాసపు చలికి నీళ్లు గడ్డకడితే గొట్టాలు పగులుతాయని, మా ఆయన ఇంటి ముందే దాని నీళ్ల ట్యాంకు ఖాళీ చేసి అన్నానికి కూర్చున్నారు. ఆలోగా మా అత్త నాలుగు బిందెల నీళ్లు మళ్లీ పోసేసింది.

“ఏటత్తా, మళ్లీ నింపీసినావు?” అన్నాను భయంభయంగా.

“ఖాళీ కుండతో ఎవులైనా పయనం కడతారేటే? అశుభం! ఆడికి సెప్పకు.”

గొట్టం పగిలితే ఆయన ఉద్యోగానికే ముప్పు. చెబితే తల్లీకొడుకులకు గొడవ. అత్త లోపలికి వెళ్లగానే ట్రైలరు కింద దూరి కుళాయి విప్పేశాను. శకునానికి ఆయన సీటు పక్కన మాత్రం నిండు చెంబొకటి పెట్టాను.

జీపు కదిలాక అత్త నన్ను తేరిపార చూసింది. “సీర తడిసిందేటే?”

“బిందె ఒలికిందత్తా.”

కాపురానికి వచ్చాక ఆవిడతో నేనాడిన మొదటి అబద్ధం ఇదే. మీరైతే నిజం చెప్పేవారా?