పదకొండు పేర్ల కాగితం

ఎన్నికలు దగ్గరపడితే చొక్కా రంగు కూడా చూసుకుని తొడుక్కోవలసిన కాలం అది. ఆ రోజుల్లో నేను జమ్మలమడుగులో ఒక ప్రైవేటు బడిలో లెక్కల మాస్టర్ని. ఆదివారం చర్చి అయిపోగానే బస్సెక్కి పులివెందులకు పోయేవాణ్ణి. అక్కడ ఫోటో స్టూడియోలో పనిచేసే నా స్నేహితుడు (క్రికెట్ కామెంటరీ అంతా నోటికి అప్పజెప్పేవాడు కనుక అందరికీ 'రేడియో') నా కోసం కాచుకుని ఉండేవాడు. మా ఇద్దరి ఊళ్ళవి వేరువేరు పార్టీలు. అందుకే రాజకీయం ఎత్తకుండా, మేం కళ్ళారా చూసిన ఆటగాళ్ళలోంచి మన దేశానికి తిరుగులేని క్రికెట్ జట్టును ఎంపిక చేయడమే పనిగా పెట్టుకున్నాం.

ఆ ఆదివారం పది పేర్లు కుదిరాయి. ఆటగాళ్ళను కూడా మేం ఊళ్ళోవాళ్ళలాగే పిలుచుకునేవాళ్ళం: పొట్టాయన, ఎడంచేతాయన, మీసాలాయన. పదకొండో స్థానంలో మీసాలాయన ఉండాలని రేడియో, వయసైపోయింది తీసేయాలని నేను. చివరికి వాడే కాగితం అడుగున "మీసాలాయన్ను తీసేసేది వచ్చే ఆదివారం తేల్చాల" అని రాసి నా జేబులో పెట్టాడు.

తిరుగుదారిలో పోలీసులు బస్సు ఆపారు. కానిస్టేబుల్ నా జేబులోని కాగితం తీసి గట్టిగా చదివి ఎస్సైకి ఇచ్చాడు. (తీసేయడం అనే మాటకు మా వైపు ఇంకో అర్థం ఉంది.) పక్కనున్న అవ్వ సంచితో సహా వెనక సీటుకు పోయింది.

"ఎవురప్పా ఈ మీసాలాయన? యాడ తీసేస్తాండారు?" అన్నాడు ఎస్సై.

"సార్... అది క్రికెట్టు సార్."

"రాసిందెవురు?"

ఇక్కడ నేను కొంచెం ఆగి ఉండాల్సింది. ఆగలేదు. స్నేహితుడి పేరు, వాళ్ళ నాన్న పేరు, స్టూడియో ఉన్న వీధి, అడగకపోయినా వాడి ఊరి పార్టీ, అన్నీ ఒక్క గుక్కలో చెప్పేశాను. (ఎక్కాలు కూడా ఏనాడూ అంత వేగంగా చెప్పలేదు.) ఎస్సై కాగితం తిరగేశాడు. వెనక ఫీల్డింగ్ బొమ్మ, పక్కన 'వికెట్ కీపర్' అని ఉంది. చాలాసేపు చూశాడు. నవ్వలేదు.

"ఈ ఊళ్ళల్లో పేర్లు రాసేటప్పుడు పైన అదేందో కూడా రాయండి నాయనా. పో."

కాగితం మాత్రం ఇవ్వలేదు.

మరుసటి ఆదివారం "లిస్టు యాడ మామా?" అన్నాడు రేడియో. పారేసుకున్నానన్నాను. పాపం, మొదటినుంచి మళ్ళీ రాశాడు. పైన 'క్రికెట్' అని నేనే రాశాను. పదకొండో పేరు దగ్గర కలం ఆపి, తగాదాకు సిద్ధంగా నా వైపు చూశాడు.

"మీసాలాయన్నే పెట్టు" అన్నాను.

"ఏంది మామా, ఇంత సులువుగా ఒప్పుకుంటివి! జరమా?" అని నా నుదురు పట్టి చూశాడు.

ఇన్నేళ్ళయినా వాడికి అసలు సంగతి చెప్పలేదు. మీసాలాయన ఆట వల్లే జట్టులోకి వచ్చాడని వాడి నమ్మకం. ఆ ఇరవై మూడేళ్ళ మాస్టర్ని తలచుకుంటే సిగ్గూ నవ్వూ కలిసే వస్తాయి. వాణ్ణి ఏ జట్టులోకీ తీసుకోలేను గానీ, పూర్తిగా తీసేయడానికీ మనసొప్పదు.