పింటూకు వచ్చిన జబ్బు

ఊర్మిళ ఇంట్లో ఎర్ర మరక కనిపిస్తే ఎవరూ ఉలిక్కిపడేవారు కాదు. ఆమె భర్త సోమలింగం సూరత్‌లోని ఖటోదరాలో ఒక అద్దకం మిల్లులో రంగులు కలిపేవాడు. సిరిసిల్ల నుంచి అక్కడికి వచ్చినప్పటి నుంచీ అదే పని. సాయంత్రం పర్వత్ పాటియాలోని గదికి చేరేసరికి అతని గోళ్లలో, చెవుల వెనక, చొక్కా మడతల్లో ఏదో ఒక రంగు ఉండేది. విప్పిన చొక్కా మూలన పడేస్తే పెంపుడు కుక్క పింటూ వచ్చి దాని మీద పడుకునేది. కొన్నేళ్ల కిందట వానలో తడుస్తున్న ఆ కుక్కపిల్లను ఇంటికి తెచ్చింది కూతురు హారతే అయినా, అది సోమలింగాన్నే అంటిపెట్టుకుంది. అతని చేతులు నాకితే గాని దానికి నిద్ర పట్టేది కాదు.

అందుకే గడప దగ్గర పింటూ పోసిన ఉచ్చ ఎర్రగా కనిపించినప్పుడు ఊర్మిళ అది రంగే అనుకుంది. "బకెట్ల రంగునీళ్లు తాగినట్టున్నది" అని నీళ్లు కొట్టి కడిగేసింది. మర్నాడూ అంతే. తర్వాత అది కాలెత్తి నిలబడి, ఒక్క చుక్క కోసం మూలగడం మొదలుపెట్టింది.

తల్లీకూతుళ్లు ఆటోలో పశువుల దవాఖానకు తీసుకెళ్లారు. స్కానింగ్ చేసిన డాక్టరమ్మ మూత్రసంచిలో క్యాన్సర్ గడ్డ ఉందని, బాగా ముదిరిందని చెప్పింది. చేతులు కడుక్కుంటూ హిందీలో అడిగింది: "ఇంట్లో రంగుల పని ఎవరైనా చేస్తారా?"

"మా పప్పా" అంది హారతి.

డాక్టరమ్మ కుళాయి కట్టేసి వాళ్ల వైపు తిరిగింది. "దీనికి ఎందుకొచ్చిందో నేను గట్టిగా చెప్పలేను. కానీ కొన్ని రంగుమందులు మనుషులకూ ఇదే జబ్బు తెస్తాయి. మనిషిలో బయటపడడానికి ఏళ్లు పడుతుంది. కుక్క బతుకు చిన్నది కదా, దానికి ముందే కనిపిస్తుంది. మీ నాన్నకు పరీక్ష చేయించండి."

ఆటోలో పింటూను ఒళ్లో పెట్టుకున్న ఊర్మిళకు ఒక్కసారిగా గుర్తొచ్చింది. తిన్న కంచం కూడా కడగని మనిషి, కొంతకాలంగా తన లుంగీ తానే ఉతుక్కుంటున్నాడు.

సోమలింగం ఇంటికి రాగానే ఎదురెళ్లి నిలబడింది. "హారతి నాయనా, నీకు గూడ ఎర్రగ పడుతున్నదా?"

అతను ఆమె వైపు కాక కుక్క వైపు చూశాడు. "రంగనుకున్ననే. ఒంట్లకు దిగిన రంగు గట్ల పోతున్నదనుకున్న."

"ఎప్పటి సంది?"

"హోలీకి ముందటి సంది."

పెద్దాసుపత్రిలో అతని మూత్రసంచిలోనూ గడ్డ దొరికింది. చిన్నదే కావడంతో గొట్టం పంపి తీసేశారు. అతను ఇంటికొచ్చిన వారానికే పింటూ చనిపోయింది. సోమలింగం మిల్లు మానేసి బట్టల మార్కెట్లో పార్సిళ్లు కడుతున్నాడు. జబ్బు మళ్లీ వచ్చిందేమోనని కొన్ని నెలలకోసారి లోపల కెమెరాతో చూస్తారు.

అదే మిల్లులో పనిచేసే పక్కగది రాజమల్లుకు ఊర్మిళ అంతా చెప్పింది. అతను నవ్వాడు. "కుక్కకొస్తే మనకొస్తదా, వదినా?"

ఆనాటి నుంచి ఊర్మిళ గల్లీలో ఏ కుక్క కాలెత్తినా పని ఆపి చూస్తుంది. మొన్న రాజమల్లు పెంచుకుంటున్న తెల్ల కుక్క గోడ పక్కన ఉచ్చకు కూర్చుంది. ఎంతసేపటికీ లేవలేదు. అది లేచి వెళ్లాక ఊర్మిళ దగ్గరికి పోయి, వంగి నేల చూసింది. తడి ఎర్రగా ఉంది. లోపల రాజమల్లు భార్య లత పాట పాడుకుంటూ రొట్టెలు చేస్తోంది.

"లతా," అని పిలిచింది ఊర్మిళ. "జర బయటికి రా."