సార్జంటు ఎలిఫాస్‌కు దొరికిన సెలవు

ఎలిఫాస్ లాతుమేన ఉత్త మూర్ఖుడని మా శిబిరంలో అందరూ అనేవాళ్లు. నేనూ అన్నాను. పదకొండేళ్లు ఒకే చెక్కగోడకు అటు అతనూ ఇటు నేనూ కాపురాలు చేశాం. అంతకుముందు ఒకే దళంలో డచ్చివాళ్ల తుపాకులు మోశాం. లవంగాల కోసం జావాకు తూర్పున ఉన్న మా దీవులకు వచ్చిన ఆ పెద్దమనుషులు మూడు వందల ఏళ్లు మా నెత్తిన కూర్చున్నారు. కూర్చున్నది చాలక, మా చేతుల్లో తుపాకులు పెట్టి జావావాళ్లను కొట్టించారు. చివరికి గెలిచింది జావావాళ్లు. ఇక అక్కడ మాకు నిలువ నీడ లేకుండా పోయింది.

"ఆరు నెలలే. తర్వాత మీ దీవులకు పంపిస్తాం" అని 1951లో మమ్మల్ని ఓడలెక్కించి తమ దేశం హాలండుకు తెచ్చారు. రేవులో దిగగానే తలా ఒక చీటీ చేతిలో పెట్టారు. ఇక మీరు సైనికులు కారని అందులో ఉంది, అంతే. ఆ తర్వాత మమ్మల్ని తోలింది ఎక్కడికనుకున్నారు? యుద్ధంలో జర్మన్లు యూదులను బంధించిన చెక్క గదుల్లోకి. ముళ్లకంచె కూడా పూర్తిగా పీకలేదు. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

చీటీని మేమందరం మడిచి జేబులో పెట్టుకున్నాం. ఎలిఫాస్ ముట్టుకోలేదు. చేర్చుకునేటప్పుడు జెండా ముందు ప్రమాణం చేయించారు కదా, పంపేటప్పుడు కూడా అధికారి వచ్చి, వరుసలో నిలబెట్టి, మొహం మీద చెప్పాలన్నది అతని వాదన. అంతవరకు తాను కాపలాలో ఉన్నట్టే. పనికి రమ్మన్నా పోలేదు. "సార్జంటు లాతుమేన హాజరు. ఆజ్ఞ కోసం చూస్తున్నాడు" అని ఏటా పైవాళ్లకు ఉత్తరం రాసేవాడు. ఏ ఏడూ జవాబు రాలేదు.

"ఏం సార్జంటూ, శత్రువులు కనబడ్డారా?" అని మేం ఆటపట్టించేవాళ్లం.

"ఎందుకు కనబళ్లేదూ? నా ముందే నిలబడి పళ్లికిలిస్తన్నారుగా" అనేవాడు.

అరవై రెండులో పక్క ఊళ్లో మా కోసం ఇటుక ఇళ్లు కట్టారు. చెక్క గదులు కూల్చేస్తామన్నారు. నేను మొదటి వారమే సంతకం పెట్టి తాళంచెవి తీసుకున్నాను. ఎలిఫాస్ పెట్టనన్నాడు. కాపలా వదిలిపెట్టి సార్జంటు ఎక్కడికి పోతాడట? అతని కూతురు నయోమికి తొమ్మిదేళ్లు. చెమ్మకు పిల్ల ఛాతీ పాడైంది. ఇంకో చలికాలం ఇక్కడే ఉంటే తాను మాటివ్వలేనని డాక్టరు చెప్పేశాడు.

అతని భార్య దొర్కా నా దగ్గరకొచ్చి కూలబడింది. "మేషక్ అన్నయ్యా, నువ్వైనా చెప్పు. ఎవడో దొరొచ్చి పొమ్మంటేనే కదుల్తాడంట. ఆ పొమ్మనేదేదో నేనే అంటాను, పోవయ్యా మగడా అంటే వినడే!"

"పెళ్లాం చెబితే కాపలా దిగుతారటే?" అని గోడ అవతలి నుంచి ఎలిఫాస్ గొంతు వినిపించింది.

నేను వాన్ హీర్డేకు ఉత్తరం రాశాను. ఒకప్పుడు మా కెప్టెన్. ఇప్పుడు పూలమొక్కల దుంపలు అమ్మే వ్యాపారి. ఓ శనివారం పొద్దున కారులో వచ్చాడు. ఎలిఫాస్ యూనిఫారం ఇస్త్రీ చేసుకున్నాడు. అతనికి తోడుగా పాతవాళ్లం తొమ్మిదిమందిమి వరుసలో నిలబడ్డాం.

"ఏడీ మీ మొండి సార్జంటు?" అన్నాడు కెప్టెన్, కోటు జేబుల్లోంచి చేతులు తీయకుండా. ఏళ్ల తరబడి తన వెనక నడిచిన మనిషిని పోల్చుకోలేకపోయాడు. నేను చూపిస్తే నవ్వుకుంటూ గొంతు పెంచాడు. "సార్జంటు లాతుమేన! నీ సేవ ముగిసింది. ఇక వెళ్లవచ్చు. చాలా?"

ఎలిఫాస్ సెల్యూట్ చేశాడు. టోపీ తీసి దొర్కా చేతికిచ్చాడు. ఆమె కళ్లు తుడుచుకుంది. హమ్మయ్య, గండం గడిచిందనుకున్నాను.

"కెప్టెన్ గారూ, సైనికుడు ఎదురు ప్రశ్న వెయ్యకూడదు. ఇప్పుడు అడగొచ్చా?" అన్నాడు ఎలిఫాస్.

"అడుగు, అడుగు."

"నలభై తొమ్మిదిలో, జావాలో, ఆ ఏటి పక్క ఊరు. పద్నాలుగిళ్లు. తలుపులకి బయట గడియ పెట్టి తగలబెట్టమన్నారు మీరు. ఇన్నాళ్లూ అది సైన్యం చేసిన పని అనుకున్నాను. ఇప్పుడు నేను సైనికుణ్ణి కాదంటున్నారు. ఆ ఆజ్ఞ మీదేనని కాగితం మీద రాసివ్వండి, చాలు."

కెప్టెన్ నవ్వు ఆగిపోయింది. "అలాంటి ఆజ్ఞ నేనివ్వలేదు."

"మరి ఎవరు తగలబెట్టారండీ?"

"నాకేం తెలుసు? మీవాళ్లకు దూకుడెక్కువ."

ఎలిఫాస్ నా వైపు తిరిగాడు. "బావా, నువ్వక్కడే ఉన్నావుగా. చెప్పు."

ఉన్నాను. కిరసనాయిలు డబ్బా మోసింది నేనే. లోపలివాళ్ల అరుపులు నాకింకా వినబడుతూనే ఉంటాయి. అందరూ నన్నే చూస్తున్నారు. జేబులో ఇటుక ఇంటి తాళంచెవి ఉంది.

"నాకు గుర్తులేదు" అన్నాను.

 ఆ రోజే ఎలిఫాస్ సంతకం పెట్టి ఇల్లు మారాడు. వసంతానికి నయోమి దగ్గు తగ్గింది. మళ్లీ మా పక్కిల్లే, కానీ నాతో మాట లేదు. నేను పనిచేసే బట్టల మిల్లులోనే చేరడానికి వచ్చాడు. దరఖాస్తులో పాత వృత్తి అన్న చోట, గుండ్రటి అక్షరాలతో, "ఇళ్లు తగలబెట్టడం" అని రాశాడు. పాత యజమాని అన్న చోట "ఎవరూ లేరు" అని రాశాడు. గుమాస్తా చదవకుండానే ముద్ర వేసి, పై గదిలో ఇచ్చి రమ్మని ఆ కాగితం నా చేతిలో పెట్టాడు.

మెట్ల మీద ఆగి, పాత వృత్తి దగ్గరి ఆ రెండు మాటలూ కొట్టేసి, "సైనికుడు" అని రాశాను.